కౌంట్ చేస్తుంటే నా పాత గొంతు బయటికి వచ్చేసింది, అతను విన్నాడా?

ప్రశ్న: అక్కా, నాకు 29. ట్రాన్స్ మహిళని. మాదాపూర్‌లో ఒక బ్యాక్ ఆఫీసులో పని, యూసుఫ్‌గూడలో ఫ్రెండ్‌తో కలిసి రూమ్. ఇంటివాళ్ళతో మాటల్లేవు. పొద్దున్నే దగ్గర్లోని పార్కుకి వాకింగ్‌కి వెళ్తాను. అక్కడికి రోజూ వచ్చే ఒకతను కొన్ని నెలలుగా నాకు నచ్చుతున్నాడు, చూపులే తప్ప మాటల్లేవు. పోయిన నెల ఒక పెద్దాయన మా ముందే నడుస్తూ నడుస్తూ కుప్పకూలిపోయారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. ఎవరో ఫిట్స్ అని తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఇంకెవరో మొహం మీద నీళ్ళు కొట్టారు. గురకలా శబ్దం వస్తోంది, ఊపిరి ఉందిలే ఆగమ్మా అన్నారు. ఆఫీసులో ఒకసారి సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి, నోట్లో ఊదడం) నేర్పించారు, అది గుర్తొచ్చి నొక్కడం మొదలుపెట్టాను. నోట్లో ఊదలేదు. నాలాంటిది ఆయన నోటి మీద నోరు పెడితే ఎవరేమంటారో అని భయమేసింది. నొక్కుతుంటే ఎముక పటుక్కుమంది. గట్టిగా లెక్కపెడుతుంటే గొంతు జారిపోయి పాత గొంతు వచ్చేసింది, నలుగురూ తిరిగి చూశారు. అతనే 108కి ఫోన్ చేసి, నేను అలిసిపోయినప్పుడల్లా తను నొక్కాడు. పెద్దాయన మర్నాడు ఆస్పత్రిలో పోయారు. నా వల్లే పోయారా? ఊది ఉంటే బతికేవారా? నా మీద కేసేమైనా అవుతుందా?

అప్పటి నుంచి అతను రోజూ మాట్లాడుతున్నాడు, నీ ధైర్యం చూసి ఆశ్చర్యపోయా అంటాడు. రెండుసార్లు ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. అతనికి నా సంగతి తెలుసో లేదో తెలీదు. ఒక మనిషి కోసం అంత చేసిన దాన్ని కళ్ళారా చూశాడు, ట్రాన్స్ అని తెలిసినా చిన్నచూపు చూడడు కదా అక్కా? ఎప్పుడు చెప్పాలి? ఇంకొకటి కూడా బుర్రలోంచి పోవట్లేదు. నేనే అలా పడిపోతే నా ఛాతీ మీద ఎవరైనా చెయ్యి వేస్తారా?

సమాధానం: చెల్లీ, ముందు పెద్దాయన సంగతి. ఆయన నీ వల్ల పోలేదు. ఓదార్పుకని చెప్పడం లేదు, జరిగిన క్రమం చూసే చెప్తున్నాను. నువ్వు మోకాళ్ళ మీద కూర్చునేసరికే ఆయన గుండె ఆగిపోయింది, మెదడుకి రక్తం అందడం లేదు. అలాంటి మనిషికి సీపీఆర్ వల్ల కొత్తగా పోయేదేమీ ఉండదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, ఎవరూ నొక్కకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతూ ఉంటుంది. అంబులెన్స్ ఎంత తొందరగా బయల్దేరినా యూసుఫ్‌గూడ రోడ్ల సంగతి నీకు తెలుసు కదా. ఆ మధ్య టైమ్‌లో ఆయన గుండె చేయాల్సిన పని నీ చేతులు చేశాయి, అదీ అరకొరగానే, ఎందుకంటే ఎంత బాగా నొక్కినా మామూలుగా గుండె పంపే రక్తంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు వెళ్తుంది. అమెరికా లాంటి చోట కూడా ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్ళలో బతికి ఇంటికెళ్ళేది పదిమందిలో ఒక్కరు, అటూ ఇటూగా. మీ పెద్దాయన మర్నాటి దాకా ఉన్నారంటే దారిలోనో ఆస్పత్రికి చేరాకో ఆ గుండె మళ్ళీ కొట్టుకుందన్నమాట. వాళ్ళ పిల్లలకి వచ్చి చూసుకునే టైమ్ దొరికి ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

ఆ గురక శబ్దం సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర జనం మోసపోయేది అక్కడే. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి, ఆగి ఆగి, గుర్రుమంటూ గాలి లాగుతారు. చేపని ఒడ్డున పడేస్తే ఎలా నోరు తెరుస్తుందో అలా. అది ఊపిరి కాదు, మెదడు అడుగుభాగం చేసే ఆఖరి ప్రయత్నం. పక్కనున్నవాళ్ళేమో ఊపిరి ఉందిగా అని నిలబడి చూస్తారు, వీడియో తీస్తారు, ఈలోపు ఆ నాలుగు నిమిషాలూ అయిపోతాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం కూడా అంతే, గుండె ఆగిన మొదటి క్షణాల్లో కాసేపు ఫిట్స్‌లా కనపడొచ్చు. ఇక తాళాల గుత్తి ఫిట్స్‌కి కూడా పనిచేయదు, గుండెకి ఎలా చేస్తుంది? పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండూ కనిపిస్తే చాలు, మొదలుపెట్టేయాలి. ఆగమ్మా అన్న పెద్దమనుషుల మాట వినకుండా నువ్వు మొదలుపెట్టావు, ఆ ఒక్క పనికి నీకు దండం పెట్టాలి.

ఊదలేదని బాధపడకు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కూలిపోతే, శిక్షణ పెద్దగా లేనివాళ్ళు ఛాతీ మీద ఆపకుండా నొక్కితే చాలని గైడ్‌లైన్సే చెప్తున్నాయి. ఆ క్షణంలో రక్తంలో ఇంకా కొంత ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని తిప్పడమే ముఖ్యం. నీళ్ళలో మునిగినవాళ్ళకి, చిన్నపిల్లలకి ఊదడం అవసరం, అక్కడ సమస్య మొదలయ్యేదే ఊపిరితో. బాగా నేర్చుకున్నవాళ్ళు 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊదుతారు. అది నీకు వచ్చి ఉంటే మంచిదే, కానీ రాకపోవడం వల్లే ఆయన పోయారని కాదు.

కానీ నువ్వు ఊదకపోవడానికి రాసిన కారణం చదివి నాకు కడుపులో దేవినట్టయింది. ఒక మనిషి ప్రాణం పోతుంటే కూడా నీ నోరు మైలపడిందేమో, నలుగురూ అలా అనుకుంటారేమో అని లెక్కలేసుకునే స్థితికి నిన్ను తెచ్చారు చూడు, అది ఆ పార్కులో నిలబడ్డవాళ్ళ తప్పు ఒక్కటే కాదు. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు. డాక్టర్ అన్నాక చెయ్యి వేయకుండా పేషెంట్‌ని చూడరు కదా. ఇంకోసారి ఆ భయం వేస్తే వాళ్ళని గుర్తు తెచ్చుకో.

ఎముక పటుక్కుమనడం మామూలే. వయసు పైబడినవాళ్ళలో పక్కటెముకలు పెళుసుగా ఉంటాయి. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలా చేస్తే చాలామందిలో పక్కటెముకలు విరుగుతాయి. అప్పుడు చెయ్యి ఛాతీ మధ్య ఎముక కింది సగం మీదే ఉందా అని ఒక్కసారి చూసుకుని మళ్ళీ కానివ్వాలంతే. విరిగిన ఎముక ఆరువారాల్లో అతుక్కుంటుంది, ఆగిన గుండె అతుక్కోదు. ఆ శబ్దం చెవిలో ఇంకా వినిపిస్తోందంటే అది కూడా ఊహించదగ్గదే, కొన్ని వారాల పాటు ఉండొచ్చు. నిద్ర పట్టకపోతే, ఆ పార్కు వైపు వెళ్ళాలంటేనే టెన్షన్ వస్తుంటే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టనక్కర్లేదు.

కేసు గురించి. స్పృహ లేని మనిషికి మేలు చేద్దామని మంచి ఉద్దేశంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్‌లోనే ఉంది, పాత ఐపీసీలో అది 92. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్ళకైతే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో విడిగా రక్షణ పెట్టారు. ఖాకీ చొక్కా చూస్తేనే మనవాళ్ళకి గుండె దడ, ఎందుకో నాకూ తెలుసు. అయినా ఈ విషయంలో భయపడకు. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో కూలిపోయిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబులే సీపీఆర్ చేశాడు, ఆ వీడియో ఊరంతా తిరిగింది గుర్తుందా? నువ్వు చేసిందీ అదే పని.

సరే, ఇప్పుడు అతని సంగతి. నీకు అసలు ప్రశ్న ఇదేనని నాకు తెలుసు, పెద్దాయన గురించి అడిగినప్పుడు కూడా అతను పక్కనే నిలబడి ఉన్నాడు.

నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న వాక్యం ఒకటుంది, "ఒక మనిషి కోసం అంత చేసిన దాన్ని కళ్ళారా చూశాడు, ట్రాన్స్ అని తెలిసినా చిన్నచూపు చూడడు కదా" అన్నది. అంటే ఆ సీపీఆర్‌ని నువ్వు క్యారెక్టర్ సర్టిఫికెట్‌లా మడిచి పర్సులో పెట్టుకున్నావు, అవసరమైన రోజు తీసి చూపిద్దామని. వద్దు చెల్లీ. మనకి ఈ అలవాటు చిన్నప్పటి నుంచి ఉంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేస్తే కొట్టరేమో, క్లాసులో ఫస్ట్ వస్తే వెక్కిరించరేమో, ఆఫీసులో అందరి షిఫ్టులూ మనమే చేస్తే ఊరుకుంటారేమో. పేపర్లో కూడా మన గురించి మంచి వార్త రావాలంటే మానవత్వం చాటుకోవాలి, పర్సు దొరికితే తిరిగిచ్చేయాలి, లేకపోతే ప్రాణం కాపాడాలి. మామూలుగా బజ్జీలు తిని సినిమా చూసి పడుకునే ట్రాన్స్ మనిషి ఎవరికీ అక్కర్లేదు. నువ్వు రేపు అతనికి చెప్పాక అతను ముఖం తిప్పుకున్నాడనుకో, అప్పుడు నీకేమనిపిస్తుంది? అంత చేసినా సరిపోలేదనిపిస్తుంది. పెద్దాయన బతికుంటే సరిపోయేదేమో అని కూడా అనిపిస్తుంది, ఈ రెండింటినీ ముడేసుకుంటే వచ్చే చిక్కు అదే. అతనికి నువ్వు నచ్చాలంటే బజ్జీలు తినే నువ్వే నచ్చాలి. పెద్దాయన లెక్క ఆయనతోనే ముగిసింది, దాన్ని ఇక్కడికి తేకు.

గొంతు సంగతికొస్తే, సెకనుకి దాదాపు రెండుసార్లు చొప్పున శరీరం బరువంతా వేసి నొక్కుతూ గట్టిగా అంకెలు చదివితే ఎవరి గొంతైనా మారుతుంది. ఊపిరి అందక, కింది స్వరం నుంచి రొప్పుతూ వస్తుంది. అతను విని ఉండొచ్చు, విని ఏమీ అనుకోకపోయి ఉండొచ్చు, అనుకుని కూడా చాయ్‌కి పిలిచి ఉండొచ్చు. తెలిసే పిలిచాడు అని మాత్రం నిర్ణయానికి రాకు, అది నీ ఆశ చెప్పే మాట. తెలిస్తే చంపేస్తాడు అనీ అనుకోకు, అది నీ భయం చెప్పే మాట. తెలీదు అన్న లెక్కలోనే నడువు.

ఇంకో విషయం. 1974లో కెనడాలో ఇద్దరు సైకాలజిస్టులు ఒక పరిశోధన చేశారు. లోయ మీద ఊగే వేలాడే వంతెన దాటుతున్న మగవాళ్ళని ఒక అమ్మాయి పలకరించి తన ఫోన్ నంబర్ ఇస్తే, మామూలు గట్టి వంతెన దాటినవాళ్ళకంటే వీళ్ళలో ఎక్కువమంది తర్వాత ఆమెకి ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెని వాళ్ళు ఇష్టం అనుకున్నారన్నమాట. ఈ కథ అందరూ క్రష్ ఉన్నవాళ్ళకి చెప్తారు. నీకు వర్తించదు, నీకు అతను ఆ సంఘటనకి చాలా ముందు నుంచే నచ్చాడు. వర్తించేది అతనికి. నెలల తరబడి పలకరించని మనిషి ఆ రోజు తర్వాతే కదా మాటలు మొదలుపెట్టింది? మీరిద్దరూ కలిసి ఒక మనిషిని చావు అంచున చూశారు, ఆ సంగతి మాట్లాడుకోవడానికి అతనికి ఈ ఊళ్ళో నువ్వు తప్ప ఎవరూ ఉండరు. అది తప్పేమీ కాదు, కానీ అది ఇష్టమో కాదో ఇంకా చెప్పలేం. ఈసారి చాయ్ దగ్గర పెద్దాయన టాపిక్ రాకుండా అరగంట కూర్చుని చూడు. మాటలు నడిస్తే ముందుకెళ్ళు. అతను మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుంటే, అతనికి కావాల్సింది ఆ రోజు గురించి చెప్పుకోవడానికి ఒక తోడు మాత్రమే అని అర్థం చేసుకో, కొంచెం బాధేసినా.

ఎప్పుడు చెప్పాలి అన్నావు. రెండు చాయ్‌లకే నువ్వు ఎవరికీ ఏ సంగతీ బాకీ లేవు. అతను తన శాలరీ, పాత లవ్, వాళ్ళ నాన్న అప్పులు చెప్పాడా? లేదు కదా. కాకపోతే ఒంటరిగా కలిసే దాకా, చేతులు పట్టుకునే దాకా వచ్చే ముందు మాత్రం చెప్పేయాలి. ఇది అతని హక్కని కాదు, నీ సేఫ్టీ కోసం అంటున్నాను. నాలుగు గోడల మధ్య తెలుసుకున్న మగవాడికి కోపమొస్తే నువ్వు ఎక్కడికి పరిగెడతావు? ముందుగా నాడి పట్టి చూడు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు కదా, ఆ మాట మామూలుగా తీసుకొచ్చి అతను ఏ పదాలు వాడతాడో విను. వెకిలిగా నవ్వితే నీకు జవాబు వచ్చేసినట్టే, చాయ్ డబ్బులు ఇచ్చేసి వచ్చేయ్. భలే మంచి పని చేశారండీ అన్నాడనుకో, సంతోషమే, కానీ దాన్ని మరీ ఎక్కువ చేసుకోకు. సిగ్నల్ దగ్గర యూనిఫామ్‌లో ఉన్నవాళ్ళని మెచ్చుకోవడం వేరు, ఇంట్లో అమ్మకి పరిచయం చేయడం వేరు. చాలామంది మొదటి దానికి రెడీగా ఉంటారు.

చెప్పేది ఫోన్‌లో చెప్పినా తప్పులేదు. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూసి చెప్పాలన్నది సీరియళ్ళలో బాగుంటుంది. ఫోన్‌లో అయితే అతని మొదటి మొహం నువ్వు చూడక్కర్లేదు, అతనికీ సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఎదురుగానే చెప్పాలనిపిస్తే పగటిపూట, జనం ఉన్న హోటల్లో, నీ రూమ్మేట్‌కి లొకేషన్ పంపించి. మాటలు పొట్టిగా ఉండనీ: "నువ్వు నాకు నచ్చావు, అందుకే చెప్తున్నాను, నేను ట్రాన్స్ మహిళని. ఆలోచించుకుని చెప్పు." సారీ అనకు. ఆపరేషన్ గురించి అడిగితే ఆ రోజు జవాబు చెప్పనక్కర్లేదు. వారం తర్వాత కూడా జవాబు లేకపోతే అదే జవాబు. అతను పార్కులో టైమ్ మార్చుకున్నా నువ్వు మార్చుకోకు, ఆ ట్రాక్ అతని అబ్బ సొత్తు కాదు.

ఇక నీ చివరి ప్రశ్న. అది పిచ్చి ప్రశ్న కాదు. బహిరంగ స్థలాల్లో గుండె ఆగితే మగవాళ్ళలో 45 శాతం మందికి, ఆడవాళ్ళలో 39 శాతం మందికి పక్కవాళ్ళు సీపీఆర్ చేశారని అమెరికాలో ఒక పరిశీలనలో తేలింది. ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేయడానికి జనం జంకుతారు. మన ఒళ్ళయితే ఇంకో జంకు కలుస్తుంది. అందుకే నీ రూమ్మేట్‌కీ, ఆఫీసులో నీ చుట్టూ కూర్చునేవాళ్ళకీ నువ్వే నేర్పించు: రొమ్ములు సహజమైనవైనా, హార్మోన్లతో వచ్చినవైనా, ఇంప్లాంట్లైనా నొక్కే చోటు మారదు, రెండింటి మధ్యనున్న ఎముక కింది సగమే. ఎయిర్‌పోర్టు లాంటి చోట ఏఈడీ మెషీన్ (గుండెకి షాక్ ఇచ్చేది) దొరికితే బట్టలు, బ్రా తీసేసో కత్తిరించేసో ప్యాడ్లు ఒంటికే అంటించాలి, ఒకటి కుడివైపు కాలర్ బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) కింద, ఇంకొకటి ఎడమవైపు రొమ్ము కింద పక్కకి. సిగ్గు సంగతి తర్వాత.

ఫోన్‌లో లాక్ తీయకుండానే కనపడే ఎమర్జెన్సీ సమాచారం పెట్టుకునే సదుపాయం ఉంటుంది, ఈ రోజే నింపు. ట్రాన్స్ అని రాయడం నీ ఇష్టం, మందుల పేర్లు మాత్రం తప్పకుండా రాయి. మగ హార్మోన్‌ని అణిచే స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే అది పొటాషియం పెంచగలదు, ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే అవకాశం కొంత ఉంటుంది, క్యాజువాలిటీలో డాక్టర్‌కి ఈ రెండూ తెలియాలి. ఎవరికి ఫోన్ చేయాలి అన్న చోట ఇంటివాళ్ళ నంబర్ పెట్టలేనన్న దిగులు వద్దు, నీ రూమ్మేట్ పేరు పెట్టు, ఆమెకి ముందే చెప్పి. అతని పేరు మాత్రం ఇప్పుడప్పుడే పెట్టకు.